వద్దన్న ప్రేమ నేర్పే పాఠాలు

నేను శాఖా గ్రంథాలయంలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. వారపత్రికల సీరియళ్ళ కాలం నుంచి ఇప్పుడు మా మనవరాలు చదివే డ్రాగన్ల నవలల దాకా, పిల్లలు ఏ పుస్తకం కోసం ఎగబడతారో చూస్తూనే ఉన్నాను. ప్రేమించకూడని మనిషిని ప్రేమించిన కథ బీరువాలో ఏనాడూ నిలవలేదు. తోటమాలి కొడుకూ రాకుమారీ, గంధర్వ కాంతా మానవుడూ, తిరుగుబాటుదారుడి కొడుకూ సేనాని కూతురూ. ఈ కథల్లో అంతగా ఏముందని ఎందరో తల్లిదండ్రులు నన్ను అడిగారు. చదివీ, చదివినవాళ్ళ మాటలు వినీ నేను తెలుసుకున్నది వరసగా చెబుతాను.

1. వద్దనడానికి గట్టి కారణం ఉంటేనే కథ నిలబడుతుంది

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన బెరెన్, లూథియన్ల కథ ఈ కోవలో నాకు అన్నిటికన్నా ఇష్టం. అది 1977లో వచ్చిన ‘సిల్మరిలియన్’లో ఉంది. బెరెన్ మామూలు మనిషి. లూథియన్ ఎల్ఫులనే మరో జాతి రాజు థింగోల్ కూతురు. ఎల్ఫులకు ముసలితనపు చావు లేదు. తండ్రి వద్దనడంలో అహంకారం ఉన్న మాట నిజమే కానీ, అడ్డు అక్కడితో ఆగలేదు. ఆ లోకంలో రెండు జాతుల తలరాతలే వేరు. చనిపోయాక కూడా ఇద్దరూ ఒకచోటికి చేరరు. పెద్దల మనసు కరిగినంత మాత్రాన ఆ అడ్డు తొలగదు. అందుకే చదివేవాళ్ళకు గుండె పట్టేస్తుంది. ఊరికే ఒక విలన్ మావయ్యను నిలబెట్టి, చివరి అధ్యాయంలో అతని మనసు మార్చేసే కథ పుస్తకం మూయగానే మరుపున పడుతుంది.

2. ప్రేమ గొప్పతనం వర్ణనలో కాదు, చెల్లించిన మూల్యంలో తెలుస్తుంది

పిల్లనివ్వాలంటే దుష్టశక్తుల ప్రభువు మోర్గోత్ ఇనుప కిరీటంలోని సిల్మరిల్ మణిని తెమ్మని బెరెన్‌తో అంటాడు థింగోల్. చచ్చిపొమ్మని చెప్పడమే అది. కూతురు వెంట వెళ్ళకుండా ఎత్తైన చెట్టు మీద ఇల్లు కట్టి అందులో బంధిస్తాడు. ఆమె మంత్రంతో జుట్టు పెంచి, దాన్ని తాడుగా పేని, కాపలావాళ్ళను నిద్రపుచ్చి దిగిపోతుంది. మోర్గోత్‌ను నిద్రపుచ్చేదీ ఆమె పాటే. బెరెన్ మణి పట్టుకున్న చేతిని తోడేలుకు పోగొట్టుకుంటాడు, తర్వాత ప్రాణమే పోగొట్టుకుంటాడు. లూథియన్ మృతుల లోకానికి వెళ్ళి పాడి, అతన్ని వెనక్కి తెచ్చుకుంటుంది. బదులుగా తన చిరాయువును వదులుకుని, మనిషిలా చనిపోవడానికి ఒప్పుకుంటుంది.

ఇందులో ప్రేమ గురించిన ఉపన్యాసాలు తక్కువ, ఇచ్చుకున్నవి ఎక్కువ. వయసులో ఉన్నవాళ్ళకు తమ ప్రేమ విలువ ఎంతో తెలుసుకోవాలని ఉంటుంది. మామూలు రోజుల్లో దాన్ని కొలిచే అవకాశం రాదు. ఈ నవలలు ఆ అవకాశం ఇస్తాయి. నా లెక్కలో ఆకర్షణకు మొదటి కారణం ఇదే.

3. ఎదురుచూపు లేకపోతే రుచి లేదు

ఆవకాయ కలిపిన రోజునే జాడీ ఖాళీ చేస్తే ఊరిన రుచి తెలియదు. ఈ కథలూ అంతే. రెండో పేజీలోనే కలిసిపోయే జంట మీద పాఠకుడికి బెంగ ఉండదు. కలవడానికి వీల్లేనప్పుడు ఒక చూపు, అందీ అందని ఒక ఉత్తరం, చీకట్లో పేరు పెట్టి పిలిచిన పిలుపు, ప్రతిదానికీ బరువు వస్తుంది.

టోల్కీన్ ఆ ఎదురుచూపు అనుభవించి రాసినవాడు. తల్లీ తండ్రీ లేని కుర్రవాడు. పదహారేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్‌లో ఎడిత్ బ్రాట్ పరిచయమైంది. ఆమె అతనికన్నా మూడేళ్ళు పెద్దది, ప్రొటెస్టెంట్. అతని సంరక్షకుడు ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ కేథలిక్ మతగురువు. ఇరవై ఒకటి నిండేదాకా ఆమెను కలవకూడదు, ఉత్తరం రాయకూడదు అన్నాడు. కుర్రవాడు మాట జవదాటలేదు. 1913 జనవరి 3న ఇరవై ఒకటి నిండగానే ఉత్తరం రాశాడు. అప్పటికి ఎడిత్‌కు మరొకరితో పెళ్ళి నిశ్చయమై ఉంది. ఆమె దాన్ని రద్దు చేసుకుని, మతం మారి, 1916లో అతన్ని పెళ్ళాడింది. ఆ మరుసటి ఏడు యార్క్‌షైర్‌లో రూస్ అనే ఊరి దగ్గరి అడవిలో ఆమె నాట్యం చేస్తుంటే చూసిన క్షణం నుంచే లూథియన్ పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ళిద్దరి సమాధి మీద వాళ్ళ పేర్ల కింద లూథియన్, బెరెన్ అని చెక్కి ఉంది. లేని లోకం గురించి రాసినా, అందులోని ఆరాటం మాత్రం ఉన్నదే.

4. లేని లోకంలో ఉన్న మాట చెప్పుకోవచ్చు

మన ఇళ్ళల్లో ప్రేమ పెళ్ళి అనగానే ముందు అడిగేది కులం. వేరే కులం కుర్రవాణ్ణి చేసుకుందని కన్నవాళ్ళే ప్రాణాలు తీయించిన ఘోరాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎరిగినవే. దాని గురించి ఇంట్లో నోరు విప్పే ధైర్యం ఎందరికి ఉంటుంది? కానీ కులం ఊసెత్తని పిల్లలే, ఎల్ఫు రాజు చేసింది న్యాయమా అని గంటలు గంటలు వాదించడం నేను విన్నాను. అక్కడ ఎవరి ఇంటి పేరూ రాదు, ఎవరి పరువూ అడ్డు పడదు. వీళ్ళు మనవాళ్ళు, వాళ్ళు పరాయివాళ్ళు అనే గీత ఎవరు గీశారని నిర్భయంగా అడగొచ్చు. ఫాంటసీ నవలను పారిపోవడం అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఎదురుగా నిలబడి అడగలేని ప్రశ్నకు అది చోటు ఇస్తుంది.

5. శత్రువుల ఇంట పుట్టిన ప్రేమ రెండో పక్షం కథ వినిపిస్తుంది

మా మనవరాలు చదివిన రెబెక్కా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ 2023లో వచ్చింది. వయొలెట్ తల్లి సైన్యంలో జనరల్. జేడెన్ తండ్రి తిరుగుబాటు నడిపి మరణశిక్ష పొందినవాడు. ఆ తిరుగుబాటులోనే తన అన్న చనిపోయాడని వయొలెట్ నమ్మకం. అలాంటి ఇద్దరూ స్వారీ చేసే డ్రాగన్లు జంట కావడంతో వీళ్ళిద్దరూ విడిగా ఉండలేని పరిస్థితి వస్తుంది. ప్రేమతోపాటు, తనకు నేర్పిన చరిత్ర ఎంతవరకు నిజమనే అనుమానమూ ఆమెలో మొదలవుతుంది.

ఇది కొత్త సంగతి కాదు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే కచుడూ దేవయానీ ఉన్నారు. దేవతల పక్షం కుర్రవాడు మృతసంజీవని కోసం రాక్షస గురువు ఇంట చేరతాడు. రాక్షసులు చంపిన ప్రతిసారీ దేవయాని తండ్రిని వేడుకుని బతికించుకుంటుంది. శత్రువును ప్రేమించిన పాత్ర మనల్ని కూడా కంచె దాటించి అటువైపు నిలబెడుతుంది. ద్వేషం కొంత తగ్గించిందంటే ఆ పుస్తకం మంచి పని చేసినట్టే.

6. ప్రమాదాన్ని ప్రేమ అనుకోవద్దు

ఈ పాఠం ఆడపిల్లలకు ముఖ్యంగా చెబుతున్నాను. 2005లో వచ్చిన స్టెఫనీ మేయర్ ‘ట్విలైట్’లో ఎడ్వర్డ్ రక్తం తాగే జాతివాడు. బెల్లా దగ్గర నిలబడటమే అతనికి పరీక్ష. ఆ నిగ్రహం పాఠకులను కట్టిపడేసింది. అదే మనిషి ఆమెకు తెలియకుండా రాత్రిళ్ళు గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తాడు. నవలలో అది ఆరాధనలా కనిపిస్తుంది. మన వీధిలో జరిగితే పోలీసులకు చెప్పాల్సిన విషయం.

లోకం వద్దన్న ప్రేమ వేరు, మనసులో ఏదో ఒక మూల నుంచి నీ భయమే వద్దంటున్న సంబంధం వేరు. మొదటిదాంట్లో ఇద్దరూ ఒకవైపు నిలబడి బయటి అడ్డుతో పోరాడతారు. రెండోదాంట్లో అడ్డూ ఆపదా అతనే. చదివేటప్పుడు ఈ తేడా పట్టుకోవడం అలవాటైతే బతుకులోనూ పట్టుకోగలరు.

7. ఇద్దరు ప్రేమిస్తే పదిమంది చెల్లిస్తారు

ఉషా అనిరుద్ధుల కథ భాగవతంలో ఉంది. బాణాసురుడి కూతురు కలలో చూసిన కుర్రవాణ్ణి వలచింది. చెలికత్తె చిత్రలేఖ ఒక్కొక్కరి బొమ్మే గీసి చూపించి, అతను కృష్ణుడి మనవడని తేల్చి, యోగబలంతో ద్వారక నుంచి నిద్రలోనే ఎత్తుకొచ్చింది. తండ్రికి తెలిసి కుర్రవాణ్ణి నాగపాశంతో కట్టేశాడు. చివరికి శివుడు ఒకవైపు, కృష్ణుడు ఒకవైపు నిలబడి యుద్ధం చేయాల్సి వచ్చింది. బాణుడి వేయి చేతుల్లో నాలుగే మిగిలాయి.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లోనూ ఇంతే. ఇచ్చిన పెళ్ళి మాట తప్పి రాబ్ స్టార్క్ మరో అమ్మాయిని చేసుకున్నందుకు, 2000లో వచ్చిన ‘ఎ స్టార్మ్ ఆఫ్ స్వోర్డ్స్’లో విందుకు పిలిచి అతన్నీ తల్లినీ సైన్యాన్నీ నరికేస్తారు. జంటను మాత్రమే చూడటం లేత చదువు. చిత్రలేఖను, కాపలావాణ్ణి, తల్లిని కూడా చూడటం ముదిరిన చదువు. ప్రేమించవద్దని దీని అర్థం కాదు. ఆ ప్రేమ బరువు ఇంకా ఎవరెవరు మోస్తున్నారో ఎరిగి ప్రేమించాలి.

8. విడిపోయినంత మాత్రాన ఓడిపోయినట్టు కాదు

ఫిలిప్ పుల్‌మన్ మూడు నవలల వరసలో చివరిది, 2000లో వచ్చిన ‘ది యాంబర్ స్పైగ్లాస్’. విల్, లైరా వేర్వేరు లోకాల పిల్లలు. ఎవరైనా సొంత లోకంలో తప్ప ఎక్కువ కాలం బతకలేరు. రెండు లోకాల మధ్య దారి తెరిచి ఉంచితే అందరికీ నష్టం. ఒక్క దారి మాత్రమే ఉంచవచ్చు, అది చనిపోయినవాళ్ళ విడుదలకు కావాలి. ఇద్దరూ తెలిసి తెలిసి విడిపోతారు. ఏటా ఒకే రోజు, ఒకే వేళకు, ఎవరి ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ళు ఒకే బెంచీ మీద కూర్చోవాలని మాట ఇచ్చుకుంటారు. ఎవరూ వాళ్ళను బలవంతంగా విడదీయలేదు. పదిమంది మేలు కోసం తామే నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయం వాళ్ళను పెద్దవాళ్ళను చేసింది.

9. పెద్దలకు: పుస్తకం లాక్కోకండి

దాచిపెట్టి చదివిన పిల్ల అడగాల్సిన ప్రశ్నలను కూడా దాచిపెడుతుంది. అదే పుస్తకం మీరూ చదవండి. తర్వాత నేను ప్రతి కథనూ అడిగే మూడు ప్రశ్నలు మీ పిల్లలతో కలిసి అడగండి: ఈ నిషేధం ఎవరు పెట్టారు? అది ఎవరిని కాపాడుతోంది? దాన్ని దాటితే ఎవరు చెల్లిస్తారు? విల్, లైరాల లోకంలో నిషేధం అందరినీ కాపాడింది కాబట్టి వాళ్ళు తలవంచారు. థింగోల్ నిషేధం అతని గర్వాన్ని కాపాడింది కాబట్టి లూథియన్ చెట్టు దిగి వెళ్ళింది. రెండూ సరైన నిర్ణయాలే.

ఈ మూడు ప్రశ్నలూ ఎల్ఫుల రాజ్యంలో అడగడం నేర్చుకున్న పిల్లలు రేపు మన ఇంటి నియమాల మీద కూడా అడుగుతారు. అడగనివ్వండి. జవాబు ఉన్న నియమం మిగులుతుంది. జవాబు లేని నియమాన్ని తీసేయాల్సింది పిల్లలు కాదు, మనమే.