మూడేండ్ల చదువు
(పాఠ్యభాగము: దానియేలు 1:3-16)



కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొనుటకు దానియేలుకు పెట్టిన గడువు మూడు సంవత్సరములు. మన పిల్లల డిగ్రీ చదువు కూడ మూడేండ్లే గదా! క్రొత్త భాష, క్రొత్త పేరు, రాజు ఏర్పాటు చేసిన భోజనము. హాస్టల్లో ఉండి చదివినవారికి ఈ అధ్యాయమును వేరే వివరింపనక్కరలేదు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతములకు వచ్చి స్థిరపడిన మన కుటుంబములలో ప్లస్ టూ ఫలితాలు రాగానే క్రైస్తవ కళాశాల ఎక్కడున్నదని విచారించుట వాడుక. ఈ రెండు ఊళ్ల మధ్య దూరము సుమారు 50 కిలోమీటర్లే. అయినను విరుదునగర్ జిల్లా మదురై కామరాజ్ విశ్వవిద్యాలయము క్రిందను, కోవిల్‌పట్టి ఉన్న తూత్తుకుడి జిల్లా తిరునెల్వేలిలోని మనోన్మణీయం సుందరనార్ విశ్వవిద్యాలయము క్రిందను ఉన్నవి. కోవిల్‌పట్టివారికి పాళయంకోట్టై దగ్గర. అక్కడ సెయింట్ జాన్స్ కాలేజీ, ఆడపిల్లలకు శారా టక్కర్ కాలేజీ ఉన్నవి. విరుదునగర్‌వారు మదురై వైపు చూచెదరు. అక్కడ 1948లో స్థాపించిన లేడీ డోక్ స్త్రీల కళాశాల, అంతకంటె పాతదైన అమెరికన్ కాలేజీ ఉన్నవి.

ఈ అమెరికన్ కాలేజీ 1881లో మదురై ప్రక్కనున్న పసుమలైలో మిషనరీలు చిన్నదిగా మొదలుపెట్టినది. 1904లో మదురై పట్టణములోనికి మారినది. 1978లో స్వయంప్రతిపత్తి పొందినది. అనగా పాఠ్యప్రణాళిక, పరీక్షలు కళాశాలవి. పట్టా మాత్రము విశ్వవిద్యాలయమే ఇచ్చును. ఈ తేడా ఎరుగక తికమకపడు తల్లిదండ్రులు అనేకులు.

చిన్న కళాశాలలో ఉపాధ్యాయుడు విద్యార్థిని పేరుపెట్టి పిలువగలడు. పిల్లవాడు రెండు రోజులు కనబడనియెడల ఎవరో ఒకరు అడుగుదురు. మా దృష్టిలో ఇదే దాని గొప్ప మేలు. అయితే కోర్సులు తక్కువ, గ్రంథాలయము చిన్నది. కోరిన సబ్జెక్టు లేకున్నను "క్రైస్తవ కాలేజీ" అను బోర్డు చూచి చేర్చుట పిల్లవానికి అన్యాయము.

ఆ బోర్డును నమ్మి ఇంటివారు నిశ్చింతగా ఉండుట మరియొక పొరబాటు. అక్కడ అన్ని మతముల పిల్లలు చదువుదురు. చాపెల్ ఉండును, వెళ్లువారు వెళ్లుదురు. దానియేలు కల్దీయుల చదువు వద్దనలేదు, భాష వద్దనలేదు. భోజనము విషయములో మాత్రము నిలిచెను. అదియు మర్యాదగా మనవిచేసి, పది దినములు పరీక్షించి చూడుమని కోరెను. ఏది నేర్చుకొనవలెనో, ఎక్కడ నిలువవలెనో అతడు ఎరిగియున్నాడు. ఆ ఎరుక హాస్టల్ వార్డెన్ ఇచ్చునది కాదు.

భాష సంగతి కూడ చెప్పవలెను. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే, వ్రాసినది తమిళములో. తెలుగువారు దక్షిణమునకు వలసవచ్చిన కథను 1976లో "గోపల్ల గ్రామం"గా వ్రాసెను. కళాశాల చదువు లేకున్నను పాండిచ్చేరి విశ్వవిద్యాలయములో ఆచార్యుడాయెను. ఈ ప్రాంతపు తెలుగు ఇండ్లలో అనేకచోట్ల మాట నిలిచినది, లిపి పోయినది.

పెట్టెలో తెలుగు బైబిలు పెట్టి పంపు తల్లులు, పిల్లవాడు దానిని చదువగలడో లేదో ముందుగా చూచుకొనవలెను. చదువలేనియెడల కళాశాల తెరచులోగా ఏప్రిల్, మే నెలలు ఉన్నవి.