ఇటాలియన్‌కు తెలుగు దారి

ప్రశ్న: మాది హనుమాన్ జంక్షన్. మా అమ్మాయి పైచదువుకి ఇటలీ వెళ్తోంది. పాఠాలు ఇంగ్లీషులోనేనట. రోజువారీ ఇటాలియన్ ఇంట్లో నేర్చుకోగలదా? దొరికేవన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన పుస్తకాలే.

జవాబు: తప్పకుండా నేర్చుకోగలదు. ఆ పుస్తకాలే చదవమనండి, పోలిక మాత్రం తెలుగుతో పెట్టుకోమనండి. ‘మాట్లాడతాను, మాట్లాడతావు’ అంటే ఎవరన్నది క్రియే చెబుతుంది కదా, అక్కడా అంతే: పార్లో, పార్లి. ఇంగ్లీషువాళ్ళు తడబడే ద్విత్వాలు మనకు పుట్టుకతో వచ్చినవే. నోనో అంటే తొమ్మిదోది, నొన్నో అంటే తాతయ్య. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: స్నేహితులకు తూ, కొత్తవాళ్ళకు లేయ్. దుకాణంలో అడుగుపెట్టగానే చావో అనకూడదు, బ్వోన్‌జోర్నో అనాలి. ఈ మర్యాద మీ అమ్మాయికి వెంటనే పట్టుబడుతుంది.

ఇంగ్లీషును నమ్ముకుంటేనే చిక్కు. కాల్దో అంటే కోల్డ్ కాదు, వేడి. కామెరా అంటే గది. లాత్తే అడిగితే కాఫీ కాదు, ఉత్త పాలు ఇస్తారు.

అసలు కష్టం లింగంతో. బల్ల పుంలింగం, కుర్చీ స్త్రీలింగం! అందుకని ఇల్ తావొలో, లా సేదియా అని ముందు వచ్చే చిన్న మాటతో కలిపే కంఠస్థం చేయాలి. అంకెలు, ధరలు ముందు నేర్చుకోమనండి, రోజూ పైకి అంటూ. రైలు వేళలకూ అంకెలు కావాలి: అవి 24 గంటల లెక్కలో ఉంటాయి.