అభద్రత: ఒక మాట, రెండు అర్థాలు



వార్తల్లోనూ పిల్లల మాటల్లోనూ తరచుగా వినబడే పదం 'అభద్రత'. దీనిని సరిగా గ్రహిస్తే మన ఇళ్ళకు మేలు కలుగుతుంది గనుక ఈ వారం దీని అర్థాన్ని పరిశీలిద్దాం.

'భద్రం' సంస్కృత పదం. శుభం, మేలు అని దాని మొదటి అర్థం. కారేపల్లి మీదుగా వెళ్ళే రైలు మార్గంలో 'భద్రాచలం రోడ్' స్టేషను పేరులో ఉన్నదీ ఈ మాటే. భద్రుడనే ఋషి తపస్సు చేసిన కొండ గనుక భద్రాచలమైందని స్థలపురాణం. తెలుగువారు ఈ పదాన్ని జాగ్రత్త, రక్షణ అనే అర్థాల్లో వాడుకున్నారు. "భద్రంగా వెళ్ళిరా", "కాగితాలు భద్రం" అంటాం. 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టం పేరులోనూ ఇదే అర్థం. ముందు 'అ' చేరితే రక్షణ లేకపోవడం.

అయితే ఇదే మాటను మనసుకూ వాడుతున్నాం. "ఆ పిల్లవాడిలో అభద్రత ఉంది" అంటే తనమీద తనకు నమ్మకం లేదని భావం. ఇక్కడ 'అభద్రతా భావం' అంటే స్పష్టంగా ఉంటుంది. ఊళ్ళో అయితే జంకు, బెరుకు, దిగులు అంటాం. ఇంగ్లీషు 'సెక్యూరిటీ'కి మూలమైన లతీను పదానికి 'చింత లేకుండా' అని అర్థం. అక్కడ మనసు మాట బయటి రక్షణకు పాకింది. ఇక్కడ బయటి రక్షణ మాట మనసులోకి వచ్చింది.

ఈ తేడా ఎందుకు తెలియాలి? 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆనాడు లోతట్టు కాలనీలవారు పడిన భయాన్ని పిరికితనం అనగలమా? వారికి ముందుగా కావలసింది పడవ, లారీ, మెట్టమీద తలదాచుకునే చోటు. ధైర్యవచనాలు ఆ తరువాత.

జవాబు తెలిసీ తరగతిలో లేచి చెప్పలేని అమ్మాయి సంగతి వేరు. ఆమెకు ఇంటివారి ప్రోత్సాహం కావాలి. పక్కింటి పిల్లతో పోల్చడం మానాలి. కాని అదే అమ్మాయి, దారిలో ఎవరో వేధిస్తున్నందువల్ల బడికి జంకుతుంటే? "ధైర్యంగా ఉండు" అని పంపివేయడం ఆమెను అపాయంలోకి నెట్టడమే.

మార్కు సువార్త 4వ అధ్యాయంలో ప్రభువు మొదట గాలిని గద్దించి, తరువాత శిష్యుల విశ్వాసం గురించి అడిగారు. మత్తయి సువార్త 8వ అధ్యాయంలో ముందు విశ్వాసం, తరువాత గాలి. వరుస మారినా ప్రభువు రెండింటినీ పట్టించుకున్నారు.

కనుక తల్లిదండ్రులారా, మీ బిడ్డ "భయంగా ఉంది" అంటే కొట్టిపారేయకండి. దగ్గర కూర్చోబెట్టుకొని, అపాయం బయట ఉందా, బెరుకు లోపల ఉందా అని నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. బయట ఉంటే తోడు వెళ్ళండి, బడి పెద్దలకు, అవసరమైతే పోలీసులకు చెప్పండి. లోపల ఉంటే ఓపికగా వినండి. రెండూ ఉంటే రెండు పనులూ చేయండి.