పిల్లల చేతిలో ఫోను: జల్లెడ ఎంత సన్నగా ఉండాలి?

పిల్లల చూపు, నిద్ర, చదువు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "చెడ్డవి ఫోనులో కనబడకుండా ప్రభుత్వమే చట్టం చేసి ఆపవచ్చు కదండీ?" కొన్ని దేశాలు ఆ పని చేశాయి. ఏమి జరిగిందో తెలుసుకుంటే మన ఇంటికి పనికివస్తుంది.

ముందుగా, ఫిల్టర్ అంటే ఏమిటి? అది ఫోనులోగాని కంప్యూటర్‌లోగాని పెట్టే జల్లెడ వంటిది. కొన్ని ఫిల్టర్లు చెడ్డ సైట్ల జాబితా పెట్టుకొని వాటిని తెరవనివ్వవు. కొన్ని మాటలను వెతుకుతాయి. చిక్కు ఇక్కడే ఉన్నది. "రొమ్ము" అనే మాట అసభ్యమైన పేజీలోనూ ఉంటుంది, రొమ్ము క్యాన్సర్ గురించి డాక్టర్లు రాసిన పేజీలోనూ ఉంటుంది. మాటను మాత్రమే చూసే యంత్రానికి రెండూ ఒకటే.

అమెరికాలో 2000 సంవత్సరంలో ఒక చట్టం వచ్చింది. ఇంటర్నెట్ కోసం కేంద్ర ప్రభుత్వ సహాయం తీసుకునే పాఠశాలలు, గ్రంథాలయాలు అశ్లీల చిత్రాలను అడ్డుకునే ఫిల్టర్లు పెట్టాలన్నది దాని సారాంశం. గ్రంథాలయాలవారు కోర్టుకు వెళ్ళారు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. పెద్దవారు అడిగితే అడ్డు తీసే వీలున్నదని కూడా గుర్తుచేసింది.

ఆసుపత్రివారిగా మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం 2002లో కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ జరిపిన పరిశీలన. ఫిల్టర్‌ను తక్కువ స్థాయిలో పెట్టినప్పుడు అశ్లీల సైట్లలో 87 శాతం ఆగిపోయాయి, ఆరోగ్య సైట్లలో 1.4 శాతం మాత్రమే ఆగాయి. అదే ఫిల్టర్‌ను బాగా బిగించినప్పుడు అశ్లీలం 91 శాతం ఆగింది, కాని ఆరోగ్య సైట్లు 24 శాతం మూసుకుపోయాయి. అంటే నాలుగు శాతం అదనపు లాభం కోసం నాలుగింట ఒక వంతు ఆరోగ్య సమాచారం పోయిందన్నమాట. నెలసరి గురించి, సుఖవ్యాధుల గురించి అమ్మను అడగడానికి సిగ్గుపడే పిల్లకు ఇది చిన్న నష్టం కాదు.

దక్షిణ కొరియా ఇంకా ముందుకు వెళ్ళింది. 2015 ఏప్రిల్ నుండి 19 ఏళ్ళలోపు వారికి ఫోను కనెక్షన్ ఇస్తే ఫిల్టర్ యాప్ ఉండాలన్నారు. పిల్లలు దాన్ని తీసేస్తే తల్లిదండ్రులకు తెలపాలన్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఎక్కువగా వాడిన "స్మార్ట్ షెరీఫ్" అనే యాప్‌ను టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ పరీక్ష చేయించగా 26 లోపాలు బయటపడ్డాయి. పిల్లల వివరాలు పరాయివారి చేతిలో పడే ప్రమాదం ఉన్నదని తేలింది. ఆ ఏడాదే దాన్ని తీసివేశారు. కాపలా పెట్టిన మనిషే తలుపు తెరిచి ఉంచినట్లయింది!

ఫ్రాన్స్ దారి వేరు. అక్కడ 2022లో చేసిన చట్టం 2024 జూలైలో అమలుకు వచ్చింది. తయారీదారులే ఫోనులో తల్లిదండ్రుల నియంత్రణ సదుపాయం ఉచితంగా పెట్టి ఇవ్వాలి; వాడటం, మానడం తల్లిదండ్రుల ఇష్టం. మాకు ఇదే నయమనిపిస్తుంది.

మన దేశంలో 2011లో ఇంటర్నెట్ సెంటర్లకు నియమాలు వచ్చాయి. గుర్తింపు కార్డు లేని పిల్లలు పెద్దవారితోనే రావాలి, గదుల్లో లేని కంప్యూటర్ల తెరలు బయటికి కనబడేలా ఉండాలి, ఫిల్టర్లు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఆ సెంటరే దుప్పటి కిందికి వచ్చేసింది.

కనుక ఇంట్లో ఇలా చేయండి. ఆండ్రాయిడ్ ఫోనయితే "ఫ్యామిలీ లింక్" ఉచితంగా దొరుకుతుంది. గూగుల్‌లో "సేఫ్‌సెర్చ్" ఆన్ చేయండి. పూర్తిగా బిగించవద్దు. ఫిల్టర్ పెట్టిన సంగతి పిల్లలకు చెప్పండి, పాఠానికి కావలసిన పేజీ ఆగిపోతే వచ్చి అడగమనండి. రాత్రిపూట ఫోను పెద్దవారి గదిలో ఛార్జింగ్ పెట్టండి. ఏదైనా చూసి భయపడి మీ దగ్గరకు వస్తే ముందు వినండి. ఫోను లాక్కుంటే మరోసారి చెప్పరు. ఎవరైనా ఫోటోలు అడుగుతున్నారనిగాని బెదిరిస్తున్నారనిగాని తెలిస్తే ఆ మెసేజీలు చెరిపివేయకుండా 1098కి ఫోను చేయండి. రాత్రయినా పగలయినా పలుకుతారు, డబ్బులు పడవు.