విశ్రాంతిలో దాగే గుండె జబ్బు: థాలియం పరీక్ష

‘ఈసీజీ బాగానే ఉందన్నారు, ఇక భయం లేదు’ అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కానీ పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె రక్తనాళాలు బాగున్నాయని చెప్పలేం. ఎందుకో తెలియాలంటే పంట కాలువను గుర్తు తెచ్చుకుందాం.

కాలువలో పూడిక పేరుకున్నా, నీటి అవసరం తక్కువగా ఉన్న రోజుల్లో చివరి మడికి కూడా నీరు అందుతుంది. నాట్లు మొదలై అందరికీ ఒకేసారి నీరు కావలసినప్పుడే శివారు పొలం ఎండుతుంది. గుండె కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమనులూ అంతే. కొవ్వు పేరుకుని ధమని సగానికి పైగా ఇరుకైనా, విశ్రాంతిలో కండరానికి సరిపడా రక్తం అందుతుంది. మెట్లెక్కినప్పుడో, బరువు మోసినప్పుడో ఛాతీలో బిగుతు, ఆయాసం మొదలవుతాయి. మధుమేహం ఉన్నవారిలో కొందరికి ఆ నొప్పి కూడా తెలియదు.

ఈ లోటును బొమ్మగా చూపేదే న్యూక్లియర్ స్కాన్. వాడుకలో థాలియం పరీక్ష అంటాం. మొదట్లో థాలియం-201 ఎక్కువగా వాడేవారు. ఇప్పుడు చాలాచోట్ల టెక్నీషియం-99ఎం వాడుతున్నారు. థాలియం అర్ధాయువు సుమారు 73 గంటలైతే, టెక్నీషియంది 6 గంటలే. అంటే ప్రతి 6 గంటలకు దాని రేడియోధార్మికత సగమవుతుంది.

పరీక్ష ఎలా చేస్తారు?

చేతి నరంలోకి ఈ మందును కొద్దిగా ఎక్కిస్తారు. రక్తం బాగా అందిన కండరం మందును ఎక్కువగా, అందనిది తక్కువగా తీసుకుంటుంది. దాని నుంచి వచ్చే గామా కిరణాలను కెమెరా పట్టుకుంటుంది. ఒక బొమ్మ విశ్రాంతిలో, ఇంకొకటి ట్రెడ్‌మిల్‌పై నడిపించాక. మోకాళ్ల నొప్పులతో నడవలేనివారికి రక్తనాళాలను వెడల్పు చేసే మందు ఇస్తారు.

రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. విశ్రాంతిలో నిండుగా ఉన్న చోటు శ్రమలో వెలితిగా కనిపిస్తే, అక్కడి కండరం బతికే ఉంది కానీ రక్తం చాలడం లేదని అర్థం. రెండింటిలోనూ వెలితి ఉంటే, సాధారణంగా అది పాత గుండెపోటు మచ్చ. యాంజియోగ్రామ్ కాలువను చూపిస్తుంది. ఈ స్కాన్ చేను తడిసిందో లేదో చెబుతుంది.

దీనికీ పరిమితులున్నాయి. మూడు ధమనులూ ఒకేలా ఇరుకైతే, పోల్చడానికి బాగున్న భాగం లేక బొమ్మ మామూలుగానే కనిపించవచ్చు.

వెలితి కనిపిస్తే వెంటనే స్టెంటేనా?

అందరికీ కాదు. 2020లో వెలువడిన ‘ఇస్కీమియా’ అధ్యయనంలో, జబ్బు నిలకడగా ఉన్న 5,179 మందిని పరిశీలించారు. అందులో మన దేశస్థులూ ఉన్నారు. ముందుగా మందులతోనే చికిత్స మొదలుపెట్టిన వారికీ, వెంటనే యాంజియోగ్రామ్ చేసి స్టెంటో బైపాసో చేసిన వారికీ మధ్య మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీనొప్పి బాధ మాత్రం రెండో వర్గంలో ఎక్కువ తగ్గింది. కాబట్టి ఇల్లు తాకట్టు పెట్టే ముందు ‘మందులతో ఆగవచ్చా?’ అని వైద్యుణ్ణి అడగడం రోగి హక్కు.

గుర్తుంచుకోవలసినవి

పరీక్షకు ముందు వైద్యులు చెప్పినంత సేపు, సాధారణంగా ఒక రోజు, కాఫీ, టీ మానాలి. ఒక్క కప్పు ఇరానీ చాయ్ కూడా వద్దు. అందులోని కెఫీన్ రక్తనాళాలను విప్పే మందును పనిచేయనివ్వదు. ఉబ్బసం, గర్భం, బిడ్డకు పాలివ్వడం ఉంటే ముందే చెప్పాలి. షుగర్ మందుల సంగతి అడగాలి. టెక్నీషియంతో రెండు బొమ్మలకు కలిపి రేడియేషన్ సుమారు 10 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. అందుకే ఏ లక్షణమూ లేనివారు సరదాకి చేయించుకునే పరీక్ష కాదిది.

హఠాత్తుగా ఛాతీనొప్పి, చెమటలు వస్తే స్కాన్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేయండి.

మూటలు మోసేవారికి, రిక్షా తొక్కేవారికి రోజూ చేసే పనే ట్రెడ్‌మిల్. ‘బరువెత్తితే గుండె పట్టేస్తోంది’ అని వారు అంటే గ్యాస్ అని కొట్టిపారేయకండి. ఆపరేషన్‌కు సాయపడే దాతలు, అంతకుముందే జరగవలసిన పరీక్షకూ చేయందిస్తే ఒక సంపాదనపరుణ్ణి ఆ ఇంటికి నిలిపినవారవుతారు.