సెలవులొస్తే ఎటు పోవాలో తెలియని పిల్లలు

కోట్‌పల్లి

చిరంజీవి మేనకోడలికి, మీ అత్తమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు పిల్లల్ని తీసుకుని అండమాన్ పోతున్నారని చదివి సంతోషమైంది బిడ్డా. అదే మెసేజ్‌లో ఇంకో మాట రాశావు. ఇంత ఖర్చు పెట్టి తిరగడానికి మనసు ఒప్పుకోవట్లేదని, పోయేముందు చిన్నదాని పుట్టినరోజు వికారాబాద్ వైపు ఏదైనా అనాథాశ్రమంలో చేద్దామని, కేకు, బిర్యానీ, కొత్తబట్టలు మీరే తెస్తారని, నన్ను మాట్లాడి పెట్టమని. ఫోన్లో అయితే సగమే చెప్పగలను. అందుకే రాస్తున్నా.

ముందు అండమాన్ సంగతి. నిశ్చింతగా పోయి రండి. కన్నపిల్లలతో గడిపే నాలుగు రోజులకు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. మీ ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చుని తినే పూటలు వారానికి ఎన్నో నీకే తెలుసు. అన్ని దీవులూ చూడాలని పొద్దంతా ఓడలెక్కి దిగొద్దు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దాని పేరు శ్రీవిజయపురం అని మార్చారు) సెల్యులర్ జైలు చూపించి, మిగతా రోజులు హేవ్‌లాక్ దీవిలోనే ఉండండి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ అల్లుడి కళ్ళు వాళ్ళ మీదే ఉండాలి, ఫోను మీద కాదు. పగడాలు, గవ్వలు ఏరి తేవద్దు, అక్కడ అది నేరం.

ఒక సాయంత్రం పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని 2004 డిసెంబరు 26 నాటి సునామీ గురించి చెప్పు. దక్షిణాన ఉన్న నికోబార్ దీవుల్లో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. బయటివాళ్ళను అక్కడికి మామూలుగా పోనివ్వరు కాబట్టి మీరు చూడలేరు. కానీ ఆ నికోబారీల దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. వాళ్ళది ‘తుహేత్’ అనే పెద్ద ఉమ్మడి కుటుంబం. కొబ్బరితోటలూ పందులూ తుహేత్‌వే, పిల్లలూ తుహేత్ పిల్లలే. తల్లీ తండ్రీ పోయిన బిడ్డను పెంచే బాధ్యత ఆ కుటుంబం మొత్తానిది. మన పల్లెల్లోనూ ఒకప్పుడు అంతే కదా. చిన్నమ్మనో మేనమామనో ఎత్తుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు చుట్టాలకు మనసున్నా చేతిలో పైసలుండవు.

మన దేశ చట్టం కూడా బిడ్డను కుటుంబంలోనే ఉంచమంటుంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థల్లో పెట్టడం చిట్టచివరి మార్గం. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. తాండూరు బండల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో రెక్కల కష్టం మీద బతికే ఇంట్లో పెద్దదిక్కు పోతే ఏమవుతుందో నీకు తెలియంది కాదు. తల్లి పట్నం కూలికి పోతుంది. పిల్లలు అవ్వ దగ్గర కొన్నాళ్ళుంటారు, అవ్వకు చేతకాకపోతే ఆశ్రమానికి చేరతారు. వాళ్ళను ఇల్లు దాటించేది చావొక్కటే కాదు, లేమి కూడా.

సర్కారు హాస్టల్లో వార్డెన్‌గా చేసినన్నాళ్ళూ నాకు అన్నిటికన్నా బరువైన రోజు దసరా సెలవులిచ్చే రోజే. పొద్దున్నించీ నాయనలో అన్నలో వచ్చి రేకుపెట్టెలు మోసుకుని పోతుంటారు. సాయంత్రానికి మెస్సు మూస్తారు. ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ‘ఎటు పోతవు బిడ్డా’ అంటే ఏటేటా వేరే చుట్టం పేరు చెప్తారు. తిరిగొచ్చినప్పుడు తోటిపిల్లలు గరిజెలూ మురుకులూ పంచుకుంటుంటే వీళ్ళు తమ పెట్టె తెరవరు. మామూలు రోజుల్లో హాస్టల్ పిల్లలంతా ఒక్కటే. ఎవరికి ఇల్లుంది, ఎవరికి లేదు అన్నది సెలవుల్లోనే బయటపడుతుంది.

అందుకే ఆశ్రమంలో ఆ పుట్టినరోజు వద్దంటున్నా. అలాంటి పుట్టినరోజులు ఆశ్రమం పిల్లలు చాలా చూశారు. తమ ఈడు పిల్ల తల్లిదండ్రుల మధ్య నిలబడి కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టి, వరసలో నిలబడి పెన్సిల్ డబ్బా తీసుకుని, థాంక్యూ చెప్తారు. కార్లు వెళ్ళిపోతాయి. మళ్ళీ ఆ మనుషులు కనపడరు. ఆ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెడతారు కొందరు. రక్షణ అవసరమైన పిల్లలు ఎవరో తెలిసేలా ఫొటోలు బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. ఇంకో మాట. ‘చూడు, నువ్వెంత అదృష్టవంతురాలివో’ అని నీ బిడ్డకు చెప్పడానికి ఎవరి బిడ్డనూ చూపించొద్దు.

మరి ఏం చేయాలంటావా? మన వాడకట్టులో కొడుకూ కోడలూ పోయిన ఒక అవ్వ ఇద్దరు మనుమలను సాకుతోంది. అలాంటివాళ్ళకు మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ ఉంది. చుట్టాల దగ్గర పెరిగే అనాథలకు, భర్త పోయిన తల్లుల పిల్లలకు నెలకు ఒక్కొక్కరికి 4,000 రూపాయలు ఇస్తారు. పల్లెల్లో ఇంటి ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. అవ్వకు చదువు రాదు. మరణ ధ్రువపత్రాలు ఒకచోట, ఆధార్ ఇంకోచోట, బ్యాంకు ఖాతా లేనే లేదు. ఒక్కరోజు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి ఆ కాగితాలన్నీ కూర్చు. వికారాబాద్‌లో జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి మనిద్దరం పోదాం. మంజూరు వాళ్ళ కమిటీ చేతిలో ఉంటుంది, ఆలస్యం కావచ్చు. అయ్యేదాకా వెంటపడు. ఆ పైసలు వస్తే ఇద్దరు పిల్లలు ఆశ్రమం గడప తొక్కక్కర్లేదు. నీ కేకు ఖర్చు కన్నా ఇది ఎంతో పెద్ద కానుక.

ఆశ్రమం పిల్లలకు కూడా ఏదైనా చేయాలనుకుంటే, ముందు అది చట్టప్రకారం రిజిస్టరైందో లేదో కనుక్కో. నెలకోసారి వచ్చి లెక్కలో ఇంగ్లిషో చెప్పు. ఏడాదిపాటు రాగలిగితేనే మొదలుపెట్టు, లేకపోతే వద్దు. మళ్ళీ వస్తానని చెప్పి రానివాళ్ళను వాళ్ళు ఇప్పటికే ఎందరినో చూశారు. అమ్మానాన్నల గురించి నువ్వుగా అడగొద్దు, వాళ్ళే చెప్తే విను. పద్దెనిమిది నిండి బయటికి వచ్చేవాళ్ళను మరీ పట్టించుకో. ఇరవై ఒకటి దాకా సాయం చేసే ఏర్పాటు చట్టంలో ఉంది కానీ, హైదరాబాద్‌లో అద్దె గది చూపించి, మొదటి ఉద్యోగానికి దరఖాస్తు రాయించే మనిషి చట్టంలో దొరకదు.

పెంచుకుంటామని ఎవరైనా నీ దగ్గరికొస్తే దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ కారా వెబ్‌సైట్లో నమోదు చేసుకోమను. దత్తత ఉత్తర్వు కలెక్టర్ ఇస్తారు. చేతులు మార్చి బిడ్డను తెచ్చుకునే పని దరిదాపులకు పోవద్దు. దిక్కులేని బిడ్డ ఎక్కడ కనపడినా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి.

అవ్వ మనుమలను సంక్రాంతి సెలవుల్లో మీ ఇంటికి తీసుకుపో. అవ్వ సరే అంటేనే. అంతకుముందు ఒక ఆదివారం మీ పిల్లలతో కలిపి మన కోట్‌పల్లి ప్రాజెక్టులో కయాకింగ్‌కు తీసుకెళ్దాం. పట్నం నుంచి వచ్చినవాళ్ళు తెడ్లు వేస్తుంటే ఒడ్డునుంచి చూడటమే గానీ, ఆ మనుమలు ఇంతవరకూ పడవ ఎక్కలేదు. నలుగురికీ లైఫ్ జాకెట్లు వేయిద్దాం. నలుగురికీ ఒకే తిండి, ఒకే రకం బట్టలు, తప్పు చేస్తే ఒకే రకం కోప్పడటం. ఏడాదికోసారైనా వాళ్ళు తమదనుకుని వచ్చే ఇల్లు మీదైతే, వచ్చే దసరాకు ఎటు పోతారని వాళ్ళను ఎవరడిగినా జవాబుంటుంది.

అండమాన్ పోకముందే ఒక పనిరోజు చూసుకుని రా. అవ్వతో నేను మాట్లాడి ఉంచుతా.

మీ అత్తమ్మ