స్పీకర్ వైర్లు మార్చాలా?

చవక హోం థియేటర్‌తో వచ్చిన వైర్లు తెగితేనో, చివర్లు వదులైతేనో తప్ప మార్చనక్కరలేదు. స్పీకర్ వైరులో చూడాల్సింది రాగి మందం, పొడవు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 5 మీటర్ల దూరంలో, రానూపోనూ కలిపి, నిరోధం దాదాపు 0.4 ఓమ్‌లు, 8 ఓమ్‌ల స్పీకరుకు ఇబ్బంది లేదు. గోడ చుట్టూ వెనక స్పీకర్లకు 15 మీటర్లు లాగాలంటే 1.5 చదరపు మిల్లీమీటర్లది కావాలి. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మామూలు ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే చాలు. రాగి పూత పూసిన అల్యూమినియం మాత్రం వద్దు. అలాంటి వైరు పోగును గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్ సంగతీ అంతే, ఎంత ఖరీదైనదైనా రంగులు పెంచదు, బొమ్మ ఆగి ఆగి వస్తేనే మార్చాలి. ఇక నల్లగొండ, పాలమూరు జిల్లాల రాతినేలలో ఎండాకాలం ఎర్తింగ్ గుంతలు ఎండిపోతాయి. అందుకే స్పీకర్లలో గుయ్యిమనే హోరు వినిపిస్తే వైర్లు మార్చే ముందు ఎలక్ట్రీషియన్‌కు ఎర్తింగ్ చూపించాలి.